వెళ్ళొచ్చింది మీరు, అలసిపోవాల్సింది వాళ్ళు

ఊరెళ్ళి రావడం తేలిక. టికెట్లు కొనుక్కోవాలి, పాలవాడికి నాలుగు రోజులు వద్దని చెప్పాలి, గ్యాసు కట్టేశామో లేదో ఆటో ఎక్కాక గుర్తు తెచ్చుకోవాలి, అంతే. అసలు శ్రమంతా తిరిగొచ్చాకే. చూసిందీ తిన్నదీ జారిపడ్డదీ మనవాళ్ళందరికీ చెప్పాలి. వాళ్ళేమో పిల్లలకి పరీక్షలంటారు, ఇంటికి సున్నాలేయిస్తున్నామంటారు, ఫోనెత్తి “సిగ్నల్ సరిగ్గా లేదు” అని స్పష్టంగా వినబడే గొంతుతో చెప్తారు.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్నారు పెద్దలు. దారిలో దొంగల భయం, రోగాల భయం ఉన్న రోజుల్లో పుట్టిన మాట అది. వాడు తిరిగి రాకపోతే యాత్ర కబుర్లు వినే బాధ తప్పుతుందన్న చిన్న ఆశ కూడా అందులో దాక్కుందని నా అనుమానం.

ఇప్పుడు అందరూ తిరిగొస్తున్నారు. అరుణాచలం గిరిప్రదక్షిణ చేసొస్తున్నారు, కేదారనాథ్ ఎక్కొస్తున్నారు, దుబాయి, బాలి, నయాగరా చూసొస్తున్నారు. ఇంటిపట్టున ఉన్నవాళ్ళకి షష్టిపూర్తులూ ఓణీల ఫంక్షన్లూ ఉన్నాయి. ఇవేవీ లేనివాళ్ళు ఆదివారం పొద్దున్నే ఏదో ఒక మంచిపని కోసం ఐదు కిలోమీటర్లు నడుస్తున్నారు. అనుభవాలకి లోటు లేదు, వినేవాళ్ళకే కరువు. దొరికిన నలుగురినీ వృథా పోనివ్వకుండా ఆఖరి బొట్టు దాకా ఎలా వాడుకోవాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు. వాళ్ళకోసం ఈ సలహాలు.

మొదలు ఎక్కడ పెట్టాలి

కాశీ కబుర్లు కాశీలో మొదలుపెడితే అరగంటలో అయిపోతాయి. మీరు రిజర్వేషను దగ్గర మొదలుపెట్టండి. రైల్వేవాళ్ళు ప్రయాణానికి 60 రోజుల ముందు పొద్దున్న ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు కదా, ఆవేళ ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు మీరు ఏ కుర్చీలో కూర్చున్నారు, ఓటీపీ ఎంతసేపటికి వచ్చింది, డబ్బు కట్టయి టికెట్టు రాకపోతే మీ ఆవిడ ఏమంది, ఏదీ వదలొద్దు. వెయిటింగ్ లిస్టు నంబరు రోజుకి కాస్త చొప్పున ఎలా దిగిందో చెప్పేటప్పుడు గొంతులో ఉత్కంఠ పలికించండి. చివరికి చార్టు వేశాక వచ్చింది ఆర్‌ఏసీ, అదీ సైడ్ లోయర్లో సగం, అన్నచోట ఒక్క క్షణం ఆగాలి. వినేవాళ్ళు “అయ్యో” అనాలి. అనకపోతే మళ్ళీ వెయిటింగ్ లిస్టు దగ్గర్నుంచి రండి.

ఈలోపు ప్రశ్నలడిగేవాళ్ళు తయారవుతారు. వాళ్ళతో జాగ్రత్త, ముఖ్యంగా ముసలివాళ్ళతో. కాళ్ళు సహకరించక మంచం మీదే ఉండిపోయిన బామ్మగారు చాలా ఇళ్ళలో ఒకరుంటారు. ఆవిడకి మీ ఓటీపీ గొడవ పట్టదు, దానాపూర్ ఎక్స్‌ప్రెస్సు ఎన్ని గంటలు ఆలస్యంగా నడిచిందో అక్కర్లేదు.

“గంగలో నీళ్ళు చల్లగా ఉన్నాయిట్రా నాన్నా?”

“ఆగు బామ్మా, మేమింకా సికింద్రాబాద్ స్టేషన్లోనే ఉన్నాం.”

“నా పేరు చెప్పి ఒక మునక వేశావా?”

“చెప్తాగా. ముందు ఆ పోర్టరు ఏమన్నాడో విను.”

ఇదీ పద్ధతి. ఆవిడ అడిగినదానికి అప్పుడే జవాబిచ్చేస్తే ఏమవుతుందో తెలుసా? కళ్ళు మూసుకుని ఆ చల్లదనాన్ని తలుచుకుంటుంది, మీ చెయ్యి పట్టుకుంటుంది, ఇంకొకటి అడుగుతుంది. మణికర్ణికా ఘట్టం మెట్లు ఎంతెత్తున్నాయి, విశ్వనాథుణ్ణి తాకనిచ్చారా, సాయంత్రం హారతి వేళకి గాలి వీచిందా, సత్రంలో పప్పు మనలాగే వండారా అంటూ తనకి కావలసినవే అడుగుతూ పోతుంది. పావుగంటలో ఆవిడ కాశీ చూసేస్తుంది. మీ పోర్టరు కథ మాత్రం సగంలో ఉండిపోతుంది.

ఈ విషయంలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని అస్సలు అనుసరించకండి. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఈయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ, మళ్ళీ తీరం వెంబడి ఇంటికి. పదిహేను నెలల పైచిలుకు సరుకు చేతిలో ఉంది. ఎంత చెప్పుకోవచ్చు! ఆయనేం చేశాడు? కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె అనే స్నేహితుడికి ఉత్తరాలు రాస్తూ, ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరం, ఎక్కడ మంచినీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారు అని పూసగుచ్చినట్టు నింపాడు. తర్వాత వెళ్ళేవాడికి పనికొస్తుందట. అవన్నీ 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. వినేవాడికి ఏం కావాలో చూసుకుని చెప్పేవాడి గతి ఇలాగే ఉంటుంది. పోయాక కూడా రెండొందల ఏళ్ళ పాటు జనం చదువుతూనే ఉంటారు, విశ్రాంతి ఉండదు.

భోజనం మాట ఎత్తకండి

పూర్వం కాశీ నుంచి వచ్చినవాళ్ళు సమారాధన చేసేవాళ్ళు. గంగచెంబుకి పూజ చేసి, చుట్టాలనీ ఇరుగుపొరుగునీ పిలిచి, పులిహోర, గారెలు, బూరెలతో భోజనం పెట్టి, వెళ్ళేటప్పుడు చేతికి కాశీదారం కట్టి, సీలు వేసిన చిన్న గంగచెంబు ఇచ్చి పంపేవాళ్ళు. ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. అందులో ఒక లెక్క ఉంది. నేను వెళ్ళగలిగాను, మీరు వెళ్ళలేకపోయారు, ఆ పుణ్యంలో మీ వాటా ఇదిగో, కూర్చుని తినండి. కబుర్లన్నీ వడ్డనలో మధ్యమధ్య రెండేసి ముక్కలు. విస్తట్లో వేడి బూరె ఉండి, దానికి చిల్లు పెట్టి నెయ్యి పోస్తున్నప్పుడు ఎవడైనా ఎంతసేపైనా వింటాడు.

ఈ పద్ధతి బొత్తిగా గిట్టుబాటు కాదు. భోజనం తీసేసి కబుర్లు మాత్రం ఉంచుకోండి. వీలైతే భోజనం వేళకి మీరే వాళ్ళింటికి వెళ్ళండి.

అక్కడ మీకొక మంచి సాధనం దొరుకుతుంది. కాశీకో గయకో వెళ్ళినవాళ్ళు ఒక కాయా ఒక పండూ వదిలేసి రావడం ఆచారం. ఇష్టమైనది వదలాలంటారు కానీ చాలామంది ఎటూ తినని కాకరకాయ వదిలేసి బయటపడతారు. ఆ పిరికితనం మీకొద్దు. చుట్టాలొస్తే నూటికి తొంభై ఇళ్ళలో ఏది వండుతారో అది వదలండి. వంకాయ ఉత్తమం. వదిలిన సంగతి ముందుగా ఫోనులో చెప్పకూడదు. ఆ ఇల్లాలు లేత వంకాయలు ఒక్కొక్కటే ఏరి తెచ్చి, నాలుగు పక్షాలుగా చీల్చి, కారం కూరి, అడుగంటకుండా సన్నసెగ మీద మగ్గించి, తొడిమ పట్టుకుని రెండు కాయలు మీ విస్తట్లోకి వంచబోతున్నప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టి, “అయ్యయ్యో, వంకాయ కాశీలో వదిలేశానమ్మా” అనాలి. గరిటె గాల్లో ఆగుతుంది. అందరూ మీవైపే చూస్తారు. కాశీ కథ ఎత్తుకోవడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు.

తిరుమల వెళ్ళొచ్చినప్పుడు మాత్రం లడ్డూ పంచక తప్పదు, అడిగి మరీ తీసుకుంటారు. ఒక లడ్డూని వీధి మొత్తానికి సరిపోయేలా చిదిమి, జీడిపప్పున్న ముక్క మీరుంచుకుని, మిగతా పొడి అరచేతుల్లో వెయ్యండి. వేసేటప్పుడు అలిపిరి మెట్లు 3,550 అన్న సంగతి చెప్పాలి. గాలిగోపురం దాకా ఒక ఆయాసం, ఆ తర్వాత కాస్త చదును, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మీరు ఎవరిని చేయిపట్టి ఎక్కించారు. శ్రీవారి మెట్టు నుంచి వెళ్ళినవాళ్ళకి 2,388 మెట్లే కాబట్టి మోకాలి నొప్పి కొంచెం ఎక్కువ కలుపుకోవాలి. బస్సులో వెళ్ళినవాళ్ళు ఘాట్ రోడ్డు మలుపులతో సరిపెట్టుకోవాల్సిందే.

ఫోను మీ చేతిలోనే ఉండాలి

ఫోటోలు ముందుగా ఏరి పెట్టుకోకండి. ఏరితే ఇరవై మిగులుతాయి, ఇరవై ఫోటోలు చూపించినవాడు ఏం వెళ్ళొచ్చినట్టు? ఎదుటివాళ్ళ చేతికి ఫోను అసలివ్వకూడదు. ఇస్తే చకచకా జరిపేసి “బాగున్నాయి” అని తిరిగిచ్చేస్తారు. మీరే పట్టుకుని, వాళ్ళ కళ్ళజోడుకి జానెడు దూరంలో పెట్టి, వేలితో నెమ్మదిగా జరపాలి. “ఇవి బొర్రా గుహలు. ఇదీ బొర్రానే. ఇందులో శివలింగం ఆకారం కనిపిస్తుంది చూడు. అక్కడ కాదు, కింద. అది మా బావమరిది. ఉండుండు, ఇంకో ఫోటోలో బాగా పడింది.” ఆ ఇంకో ఫోటో చచ్చినా దొరకదు. దానికోసం వెనక్కి వెళ్తుంటే కరెంటు బిల్లు వస్తుంది, గ్యాసు బుకింగ్ స్క్రీన్‌షాటు వస్తుంది, ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ గులాబీలు, మీ దవడపన్ను ఎక్స్‌రే వస్తాయి. ఒక్కోదాని దగ్గరా ఆగి అదేమిటో చెప్పండి. ఎక్స్‌రే దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగొచ్చు, అదీ అనుభవమే.

అరకు వెళ్ళొచ్చినవాళ్ళకి సొరంగాలు వరం. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలుదారిలో అవి యాభైకి పైనే ఉన్నాయి. ప్రతిదానిలోనూ వీడియో తీసి ఉంచుకోండి. తెరనిండా చీకటి, వెనకాల బోగీ అంతా పిల్లల కేకలు, చివర్లో గుండ్రంగా కాస్త వెలుతురు. మళ్ళీ చీకటి. మూడో సొరంగంలో ఉండగా మీ తోడల్లుడు మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళ్తాడు. వెళ్ళనివ్వండి. వంటింటికి ఉన్నది ఒకటే గుమ్మం.

ఎదురుగా దొరకనివాళ్ళకి కుటుంబం వాట్సాప్ గ్రూపు ఉంది. ఫోటోలు ఒక కట్టగా పంపకండి, ఒక్కొక్కటీ విడిగా, రాత్రి పదకొండు దాటాక. తర్వాత ఎవరెవరు చూశారో చూసుకుని, చూసి కూడా పలకనివాళ్ళకి పొద్దున్న ఆరింటికి ఫోను చేసి “ఏం, నచ్చలేదా?” అని అడగండి.

అమెరికాలో ఆరునెలలుండి వచ్చిన అమ్మానాన్నలకి పెద్దగా సలహాలు అక్కర్లేదు, పుట్టుకతో వచ్చిన విద్య అది. ఒక్క మాట మాత్రం చెప్తాను. నయాగరా దగ్గర అమెరికా వైపు పడవెక్కితే నీలంరంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు, కెనడా వైపు ఎక్కితే ఎర్రది. ఆ నీలం కోటు ఫోటో గోడన లేని ఇల్లు మన పట్టణాల్లో వెతుక్కోవాలి. అందులో ఎవరి ముఖమూ ఆనవాలు తెలియదు, తడిసిన నీలం ఆకారాలు నాలుగుంటాయి. ఎవరెవరో చెప్పమని చుట్టాలని అడగండి. తప్పు చెప్తే దిద్దండి. వీసా రాక ఆగిపోయిన పెదనాన్నగారు ఆ గదిలోనే ఉంటే, ఇమిగ్రేషన్ ఆఫీసరు మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా నవ్వుతూ పంపేశాడని చెప్పడం మర్చిపోవద్దు.

వేడుక ముగిసినా ముగియనివ్వకండి

తెలుగు సంవత్సరాలు ప్రభవతో మొదలై అక్షయతో పూర్తవుతాయి, మొత్తం 60. మీరు పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ రావడానికి అరవై ఏళ్ళు పడుతుంది, షష్టిపూర్తి చేసేది అందుకే. ఇలాంటి అవకాశం ఇంకోసారి రాదు కాబట్టి వచ్చినవాళ్ళని తిని వెళ్ళిపోనివ్వకండి. దంపతులు మళ్ళీ తలంబ్రాలు పోసుకుని, మనవలు చప్పట్లు కొట్టి, అందరి కళ్ళూ కాస్త చెమర్చిన క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు వెంటనే మైకు పట్టుకున్న యాంకరమ్మాయిని దింపాలి. ఆవిడ పేరుపేరునా పిలిచి “అంకుల్ గురించి రెండు మాటలు” అంటుంది. ఎదురు వరసలో కూర్చున్న బాబాయిలు మెల్లిగా చెప్పులు వెతుక్కుంటారు. భోజనాలు మాత్రం మాటలయ్యాకే అని ముందే క్యాటరింగ్ అతనికి చెప్పి ఉంచండి.

హల్దీ, సంగీత్ ఇప్పుడు మనకీ వచ్చేశాయి కనక అందరూ ఒకే రంగు బట్టల్లో రావాలని రెండు రోజుల ముందు కబురు పంపండి. పసుపురంగు చీర లేని పిన్నిగారు ఆ రెండు రోజులూ మిమ్మల్ని తలుచుకుంటూనే ఉంటుంది. జ్ఞాపకాలు మిగలాలంటే ఇలాంటివే చెయ్యాలి.

కరిజ్మా ఆల్బం బరువుగా ఉండేలా చూసుకోండి. అట్టకి అద్దం, పైన మీ పేర్లు చెక్కిన పెట్టె, అన్నీ ఉండాలి. దాన్ని ఒళ్ళో పెట్టాక మనిషి లేవలేడు. పేజీలు గట్టిగా ఉంటాయి కాబట్టి రెండేసి తిప్పేయడానికీ కుదరదు. డ్రోన్ తీసిన వీడియో ఉంటే ఫంక్షన్ హాలు పైకప్పు నాలుగు వైపుల నుంచీ చూపించవచ్చు. వేడుకకి పిలవడం మరిచిపోయినవాళ్ళకి ఇదంతా మరీ వివరంగా చూపించి, చివర్లో “మీరెందుకు రాలేదసలు?” అనండి.

రిటర్న్ గిఫ్టు సంగతి. మనవాళ్ళు వచ్చిన కానుకని కాగితం కూడా విప్పకుండా ఇంకో పేరంటానికి దాటించేస్తారు. దీనికి విరుగుడుంది. స్టీలు డబ్బా మీద మీ దంపతుల ఫోటో, తారీఖుతో సహా ముద్రించి ఇవ్వండి. దాన్ని ఎవరికీ ఇవ్వలేరు, పారెయ్యలేరు. వాళ్ళ కందిపప్పు ఉన్నంతకాలం మీరూ ఉంటారు.

మంచిపని కోసం నడిచినప్పుడు

ఇది కాస్త సున్నితమైన విషయం. అరకూ కాశీ మన సరదాకీ మన పుణ్యానికీ వెళ్ళినవి. దానం కోసం నడక అలా కాదు, ఇంకెవరికో పనికొచ్చే ప్రమాదం ఉంది.

అందుకే నడక మీదే దృష్టి ఉండాలి, దానం మీదికి పోకూడదు. ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డుకో విశాఖ బీచ్ రోడ్డుకో చేరుకుంటారు. టీషర్టు ఇస్తారు, ఛాతీకి పిన్నులతో నంబరు తగిలిస్తారు, వేదిక మీద ఎవరో జుంబా చేయిస్తారు, సినిమావాళ్ళో అధికారులో జెండా ఊపుతారు. ఐదు కిలోమీటర్లయ్యాక అరటిపండు, నీళ్ళ సీసా, మెడలో పతకం. ఇంటికొచ్చాక పతకం తీయకుండా టిఫిను తినండి. ఎవరైనా అడుగుతారు.

“దేనికోసం నడిచావురా?”

“ఐదు కిలోమీటర్లు, పెద్దమ్మా.”

“అదికాదురా, ఎవరికోసం?”

“నలభై ఎనిమిది నిమిషాల్లో!”

ఇలా నిలకడగా ఉండాలి. టీషర్టు వీపున రాసి ఉంటుంది కదా, చదువుకోమనండి.

ఈ రంగంలో చెడ్డ ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. టెర్రీ ఫాక్స్ అని కెనడా కుర్రాడు. క్యాన్సరుతో ఒక కాలు పోయింది. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశానికి ఆ చివరి నుంచి పరుగు మొదలుపెట్టాడు, దాదాపు ప్రతిరోజూ ఒక మారథాన్ అంత దూరం. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. జబ్బు ఊపిరితిత్తులకి పాకడంతో ఆపాల్సి వచ్చింది. అతను అడిగింది క్యాన్సరు పరిశోధనకి దేశంలో మనిషికి ఒక్క డాలరు. తన కాలి గురించి చెప్పుకుంటూ కూర్చోకుండా ఆ ఒక్క డాలరు గురించే చెప్పడం వల్ల జనం నిజంగానే ఇచ్చేశారు, 1981 ఫిబ్రవరికల్లా రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే. ఇంకొకాయన బ్రిటన్లో కెప్టెన్ టామ్ మూర్. 2020లో కరోనా వచ్చినప్పుడు, నూరేళ్ళు నిండబోతూ, వాకరు పట్టుకుని తన తోటలోనే నూరు చుట్లు నడిచాడు. ఆసుపత్రి సిబ్బందిని ఆదుకునే సంస్థలకి వెయ్యి పౌండ్లు పోగుచేద్దామనుకుంటే మూడు కోట్ల పౌండ్లు దాటింది. ఊరి బయటికి కూడా వెళ్ళలేదు. ఒక సెల్ఫీ పాయింటూ లేదు.

మన దగ్గరే చూడండి. 1951లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా వైపు నుంచి నడిచి వచ్చారు. అక్కణ్ణుంచి తెలంగాణ పల్లెల్లో నడుస్తూ ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరారు. అంత నడిచిన మనిషి పదిమందిని కూర్చోబెట్టి పాదాల బొబ్బల సంగతి చెప్పాలా వద్దా? ఆయన దళితవాడకి వెళ్ళి, మీకేం కావాలి అని అడిగారు. నలభై కుటుంబాలవాళ్ళు ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నారు. ఆ మాట ఆయన అక్కడున్న ఊరివాళ్ళ ముందు పెడితే వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరాలిస్తానన్నారు. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయిపోయింది. నడిచినవాడు తన నడక గురించి మాట్లాడకుండా ఎదుటివాడికేం కావాలో అడిగితే ఇలాంటి పరిణామాలుంటాయి. ఆ తర్వాత దేశమంతా పోగైన భూదాన భూముల్లో కొన్ని పేదల చేతికి చేరలేదన్నది కూడా చరిత్రే. ఇచ్చినప్పటి ఫోటో ఉంటుంది, చేరినప్పటి కాగితం ఉండదు. ఆ రెండో భాగం మనవాళ్ళు చక్కగా నేర్చుకున్నారు, మీరూ అది పట్టుకోండి.

చుట్టాలని చందా అడగాల్సి వస్తే పెళ్ళిళ్ళలో అడగండి, నలుగురి ముందు కాదనలేరు. ఇచ్చినవాళ్ళకి మీ నడక ఫోటోలు పంపండి, ఫోనులో అడుగుల లెక్క పంపండి. డబ్బు ఏ ఆసుపత్రికి వెళ్ళింది, ఎవరి మందులకి, ఏ బడిలో ఎన్ని బెంచీలకి, ఇవి మాత్రం పంపకూడదు. రసీదు అడిగే బాబాయిలుంటారు. ఆదాయపు పన్నులో 80జీ కింద మినహాయింపు కావాలంటారు, రెండు వేలు దాటితే నగదు పనికిరాదు కాబట్టి ఖాతా నంబరు చెప్పమంటారు. వాళ్ళకి మీ పతకం చూపించండి. అమెరికాలో ఉన్న మీ మరదలు మరీ ప్రమాదకరం. “బావగారూ, నేనిచ్చిన దానికి సమానంగా మా కంపెనీ కూడా ఇస్తుంది, సంస్థ వివరాలు పంపండి” అంటుంది. ఆ వివరాలు మీ దగ్గర ఉండవు. ఆవిడ మళ్ళీ అడుగుతుంది, రసీదు వస్తే గానీ వదలదు. అలాంటివాళ్ళ వల్లే ఎక్కడో ఒక పిల్లకి వైద్యం జరిగిపోతుంది, మీ టీషర్టు ఎవరూ చూడకుండానే.

వాళ్ళూ ఎక్కడికో వెళ్ళొస్తే

ఇది కొద్దిసేపట్లో చెప్పేయవచ్చు. ఎదుటివాళ్ళు నోరు తెరవగానే మీది ఇంకా పెద్దది చెయ్యాలి. వాళ్ళు అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేశామంటే మీరు సింహాచలం 32 అనండి. అదీ చేశామంటే కేదారనాథ్.

పిల్లల్ని కూడా ఉపేక్షించకూడదు. తొమ్మిదేళ్ళ మేనకోడలు గోల్కొండ ఎక్కొచ్చి, ఫతే దర్వాజా దగ్గర నాన్న చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో తనకి వినబడ్డాయని చేతులు ఊపుతూ చెప్తూ ఉంటుంది. మాలావత్ పూర్ణ సంగతి ఎత్తండి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, గురుకుల పాఠశాల విద్యార్థిని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పద్నాలుగు నిండలేదు. “నీకు ఇంకా నాలుగేళ్ళుంది, చూద్దాం” అనండి. ఆ పిల్ల చప్పట్ల సంగతి సగంలో ఆపేస్తుంది. మరుసటి సెలవులకి ఎక్కడికి వెళ్ళొచ్చినా మీకు చెప్పదు.

ఈ పద్ధతులన్నీ ఒక్క వేసవి గట్టిగా పాటిస్తే దసరాకల్లా మీ ఇంటికి రాకపోకలు తగ్గుతాయి, కాఫీపొడి మిగులుతుంది, ఆదివారాలు ఖాళీ అవుతాయి, మళ్ళీ ఊళ్ళు తిరగడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. మొదట మీ సొంత చుట్టాల మీద ప్రయత్నించండి. మా ఇంటికి రావాలనుకుంటే మాత్రం దయచేసి ఒకరోజు ముందు ఫోను చేయండి. మేం ఊళ్ళో లేకుండా చూసుకుంటాం.